దారిమీది చూపు, దూరపు మాట

హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ సంఖ్య జాతీయ రహదారిమీద, చౌటుప్పలు దాటి నార్కట్‌పల్లిని సమీపించుచు, గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవుచున్న కారు ఒక్కొక్క సెకండునకు 22 మీటర్లు ముందుకు సాగును. పక్కసీటుమీద మ్రోగిన సెల్‌ఫోనును అందుకొని, తెరమీది పేరు చదివి, ఎత్తవలెనా వలదా అని ఒక్కింత తలపోసి, మరల తల పైకెత్తుటకు 5 సెకండ్లు పట్టినదనుకొన్నచో, అంతలో ఆ బండి 110 మీటర్ల దారిని చూచువాడు లేకయే గడచిపోవును. ఆ 110 మీటర్లలో ఏమేమి ఉండగలవో ఈ దారిన తిరిగినవారికి ఎవరును చెప్పనక్కరలేదు. వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీ, డివైడరు సందునుండి గడ్డిమోపు తలకెత్తుకొని దాటుచున్న స్త్రీ, యూటర్ను దూరమని ఎదురుదిశలో వచ్చుచున్న మోటారుసైకిలు, పిలిచిన ప్రయాణికునికొరకు ఉన్నచోటనే నిలిచిపోయిన ఆటో, వీనిలో ఏదైనను ఉండవచ్చును.

ఇట్టి సమయమున చూపు మరల్చినవాడు దుష్టుడని గాని, ప్రాణముపై తీపి లేనివాడని గాని ఎవరును అనజాలరు. అతడు మనవంటివాడే, ఇంటినుండియో, కొలువునుండియో పిలుపు వచ్చినది, అలవాటు చొప్పున చేయి అటు పోయినది. మన దేశమున తొలి సెల్‌ఫోను సంభాషణ 1995వ సంవత్సరము జూలై 31వ తేదీన, పశ్చిమబెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాటలాడుటతో ఆరంభమైనది. నాడు ధనికుల సొత్తుగా ఉండిన ఆ పరికరము ఒక తరము గడవకమునుపే రైతు జేబులోనికిని, లారీడ్రైవరు ముందరి అద్దముకడకును చేరినది. ఇంత త్వరగా మన బ్రతుకులలో ప్రవేశించిన వస్తువునకు తగిన మర్యాదలు మనలో ఇంకను స్థిరపడలేదు. పెద్దలయెదుట ఎట్లు మెలగవలెనో, భోజనపంక్తిలో ఎట్లు కూర్చుండవలెనో తరతరములుగా నేర్పుచు వచ్చిన సమాజము, బండి నడుపుచున్నవానిని ఫోనులో పలుకరింపవచ్చునా అను ప్రశ్నను మాత్రము తనకు తాను ఇంతవరకు వేసికొనలేదు. ఎత్తినవాని తప్పును గూర్చి అందరును చెప్పుదురు. పిలిచినవాని పాలును గూర్చి కూడ చెప్పవలెనని నా తలంపు.

2022వ సంవత్సరమున భారతదేశపు రహదారులమీద 1,68,491 మంది మరణించిరి. ఫోను కారణముగా జరిగినవని పోలీసు పత్రములలో నమోదగు ప్రమాదములు వాస్తవముకంటె తక్కువగానే ఉండక తప్పదు. వేగముయొక్క జాడ నలిగిన ఇనుములో కనబడును. మద్యము రక్తపరీక్షలో తేలును. కాని ఢీకొన్న ఆ క్షణమున డ్రైవరు మనస్సు ఎక్కడ ఉన్నదో తెలుపు సాక్ష్యము ఏదియు రహదారిమీద మిగులదు.

బండి నడుపుట కన్ను, చేయి, మనస్సు అను మూడింటి కూడిక. ఫోను ఈ మూడింటిని వేరువేరుగాను, ఒక్కొక్కప్పుడు ఒక్కుమ్మడిగాను దొంగిలించును. చేతిని గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. ఒక చేత ఫోను పట్టినవాడు మలుపులో స్టీరింగును సరిగా త్రిప్పజాలడు, గేరు మార్చజాలడు. కన్ను అంతకంటె ముఖ్యము. అమెరికాలోని వర్జీనియాటెక్ రవాణా పరిశోధనసంస్థవారు భారీ లారీలలో కెమెరాలు అమర్చి, డ్రైవర్లు తమ పని తాము చేసికొనుచుండగా పరిశీలించి, 2009లో ప్రకటించిన ఫలితమును చూడుడు. ఫోనులో సందేశము టైపు చేయుచున్న లారీడ్రైవరునకు ప్రమాదము గాని, ప్రమాదము వెంట్రుకవాసిలో తప్పిపోవుట గాని సంభవించు అవకాశము, చేయనివానికంటె 23 రెట్లు ఎక్కువ. అట్టి ఘటనలకు ముందరి 6 సెకండ్లలో అతని చూపు 4.6 సెకండ్లు దారిమీద లేదు. దీనిని విన్నవారెవరును సందేశము చదువుచు బండి నడుపుటను సమర్థింపరు. వాట్సాపు మ్రోగిన ప్రతిసారి తెరవైపు చూచువారు సయితము అది తప్పేయని ఒప్పుకొందురు.

అయితే అసలు చిక్కు మూడవదానికడ ఉన్నది. చేతిలో ఫోను పట్టకుండ, చెవికి ఇయర్‌ఫోను తగిలించుకొనియో, కారులోని బ్లూటూతు ద్వారముననో మాటలాడినచో దోషము లేదని మనలో చదువుకొన్నవారు సయితము గట్టిగా నమ్ముచున్నారు. చేతులు రెండును స్టీరింగుమీదనే ఉన్నవి గదా, కన్నులు దారిమీదనే ఉన్నవి గదా, ఇక లోపమేమి అని వారి వాదము. ఈ వాదమును తొలుత గట్టిగా దెబ్బతీసినవారు కెనడాలోని టొరంటో నగరపు పరిశోధకులు రెడెల్మియరు, టిబ్షిరానీలు. వారు ప్రమాదములో చిక్కిన 699 మంది డ్రైవర్ల టెలిఫోను బిల్లులను తెప్పించి, ప్రమాదమునకు ముందరి కొన్ని నిమిషములలో వారు ఫోను వాడిరా లేదా అని చూచి, దానిని అదే మనుష్యుడు అంతకుముందు దినమున అదే వేళ వాడిన తీరుతో సరిపోల్చిరి. ఒక్కొక్కనిని అతనితోనే పోల్చుటవలన, ఇతడు స్వభావముచేతనే దుడుకువాడు, అతడు నెమ్మదివాడు అను ఆక్షేపణకు తావు లేకపోయినది. 1997లో వెలువడిన వారి నిర్ణయము ఇది: ఫోనులో ఉన్నపుడు ప్రమాదావకాశము నాలుగు రెట్లు పెరుగును, చేతితో పట్టనక్కరలేని ఫోను వాడినవారికి దానివలన రక్షణ ఏదియు అధికముగా కలుగలేదు.

ఎందువలన? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో యూటా విశ్వవిద్యాలయపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు డేవిడ్ స్ట్రేయరును ముఖ్యముగా పేర్కొనవలెను. ఆయనయు, సహచరులును, కృత్రిమముగా కల్పించిన వాహనపు సీటులో మనుష్యులను కూర్చుండబెట్టి, ఎదుట తెరమీద దారిని నడిపించుచు, వారి కనుపాపలు ఎటు తిరుగుచున్నవో యంత్రముతో కనిపెట్టిరి. చేతులు వాడనక్కరలేని ఫోనులో మాటలాడుచున్నవారి చూపు దారి ప్రక్కనున్న ప్రకటనఫలకములమీద సూటిగానే పడినది. కాని అటు పిమ్మట ఆ ఫలకములను చూపి వీనిని చూచితిరా అని అడిగినచో గుర్తుపట్టినవారు తక్కువ. కన్ను చూచినది, మనస్సు గ్రహింపలేదు. పొయ్యిమీది పాలకు ఎదురుగా నిలిచి, వానినే చూచుచు, ఫోనులో మాటలాడుచుండగా అవి పొంగి పొరలిపోయిన అనుభవము ఎరుగని యిల్లు ఉండదు. వంటింటిలో పోవునది గిన్నెడు పాలు. రహదారిమీద ముందుబండి బ్రేకుదీపము ఎర్రగా వెలుగుట కంటబడియు, అది బ్రేకు తొక్కవలసిన సమయమని మనస్సునకు తట్టుటలో అర సెకండు ఆలస్యమైనను, 80 కిలోమీటర్ల వేగములో 11 మీటర్లు గడచిపోవును. రెండు బండ్ల నడుమ దూరము అనేకసార్లు అంతకంటె తక్కువ.

ఈ బృందమువారే 2006లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, ఫోనులో మాటలాడు డ్రైవర్లను, అమెరికా చట్టము నేరముగా పరిగణించు మోతాదులో మద్యము సేవించిన డ్రైవర్లతో సరిపోల్చి, మొదటివారి నడపుట రెండవవారికంటె మెరుగుగా లేదని తేల్చిరి. ఇంకొక విషయము నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది. మాటతో ఆజ్ఞలిచ్చి కారులోని యంత్రములచేత పనిచేయించుకొను పద్ధతిని పరీక్షించి 2015లో వారు వెల్లడించిన ఫలితమును బట్టి, ఆ పని ముగిసిన పిమ్మట కూడ మనస్సు పూర్తిగా దారిమీదికి మరలుటకు కొన్ని సందర్భములలో 27 సెకండ్లవరకు పట్టినది. ఫోను పెట్టివేసితిని గదా అని ఊరట చెందువాడు, నిజమునకు మరి అరనిమిషము దాదాపు ఆ సంభాషణలోనే ఉండవచ్చును. అప్పు తీర్చలేదని కోపగించిన బంధువు మాటయో, పరీక్ష తప్పితినని ఏడ్చిన కుమారుని గొంతో చెవిలో మ్రోగుచుండగా, సూర్యాపేట దగ్గర దారికి అడ్డముగా వచ్చిన గేదెను అతడు ఎంత త్వరగా గుర్తింపగలడు?

అట్లైన కారులో ప్రక్కన కూర్చున్నవారితో మాటలాడుట కూడ ప్రమాదమే కదా అని న్యాయముగా అడుగవచ్చును. దీనిని కూడ యూటావారు పరీక్షించిరి. ప్రక్కన కూర్చున్న స్నేహితునితో మాటలాడుచు నడుపువారు, దిగవలసిన చోటును చాలవరకు తప్పిపోలేదు. ఫోనులో స్నేహితునితో మాటలాడుచు నడుపువారిలో అనేకులు దానిని దాటి ముందుకు పోయిరి. కారణము సరళము. ప్రక్కనున్నవాడు దారిని తానును చూచుచుండును. ఎదుటినుండి లారీ హెడ్‌లైట్లు మీదికి వచ్చినపుడు అతని మాట దానంతట అదే ఆగిపోవును. "అదుగో, మలుపు" అని తానే హెచ్చరించును. గతుకులదారిలో వాక్యము సగములో విడిచిపెట్టును. మన ఇండ్లలో ముందుసీటున కూర్చున్న తల్లి, ఎంత ముఖ్యమైన సంగతి చెప్పుచున్నను, కొడుకు లారీని దాటించు సమయమున నోరు మూసికొని, గండము గడచిన పిదప మరల అందుకొనుట మనమెరిగినదే. ఫోనుకు ఆవలనున్న వ్యక్తికి ఆ లారీ కనబడదు, ఆ మలుపు తెలియదు. తన ప్రశ్నకు రెండు సెకండ్లు బదులు రానిచో "వినబడుచున్నదా?" అని మరల నొక్కి అడుగును, మర్యాద తెలిసిన డ్రైవరు సమాధానము వెదకుకొనును. అపాయమంతయు ఆ వెదకుకొనుటలో ఉన్నది.

కావున పిలుచువాని బాధ్యతయని నేను చెప్పుచున్నది అలంకారమునకు కాదు. తెలుగు కుటుంబములలో ప్రయాణమనగా ఫోను పిలుపుల పరంపర. "బయల్దేరావా నాన్నా?", "ఎక్కడిదాకా వచ్చావు?", "కోదాడ దాటావా?", "టిఫిన్ ఏమైనా తిన్నావా?" అని గంటకొకసారి అడుగు తల్లికి గాని, భార్యకు గాని ఆతురత తప్ప వేరు కారణము లేదు, వారు కోరునది అతడు క్షేమముగా చేరుటయే. కాని ప్రతి పిలుపును ఆ క్షేమమునకే భంగము కలిగించుచున్నదని వారికి ఎవరును చెప్పలేదు. ఫోను ఎత్తగానే మొదటిమాటగా "బండి నడుపుతున్నావా?" అని అడిగి, అవునన్నచో "ఆగినప్పుడు నువ్వే చెయ్యి" అని వెంటనే పెట్టివేయుట ఇంటిల్లిపాది అలవరచుకొనదగిన పద్ధతి. ఎక్కడ ఉన్నాడో తెలియక మనస్సు నిలువనిచో, ఫోనులోని పటము ద్వారా తానున్న చోటును బంధువులకు చూపుచుండు ఏర్పాటును బయలుదేరకముందే చేసిపెట్టవచ్చును. అపుడు అడుగుటయు, చెప్పుటయు రెండును తప్పును. కొలువులలో పై అధికారుల విషయము ఇంతకంటె కఠినముగా చెప్పవలసియున్నది. క్రింది ఉద్యోగి దారిలో ఉన్నాడని తెలిసియు పిలిచి లెక్కలు అడుగువాడు, ఆ ఉద్యోగి ప్రాణమును తన తొందరకు వెలగా పెట్టుచున్నాడు.

మహాభారతమందలి నలోపాఖ్యానము తెలిసినవారికి ఇక్కడ ఒక ఘట్టము జ్ఞప్తికి రాకపోదు. నలుని భార్యయైన దమయంతి పునఃస్వయంవరమని విని ఋతుపర్ణమహారాజు ఒక్క దినములో విదర్భ చేరవలెనని తొందరపడుచుండగా, బాహుకుడను పేర నలుడు రథము నడుపును. రాజు ఉత్తరీయము జారిపడినది. ఆపుమనగా, అది ఇదివరకే యోజనము వెనుకబడినదని సారథి చెప్పును. వేగముయొక్క స్వభావము ఆ ఒక్క మాటలో ఉన్నది. కొంతదూరము పోయిన పిదప, దారి ప్రక్కనున్న తాండ్రచెట్టు ఆకులను, కాయలను ఇన్నియని రాజు చూచినంతనే చెప్పగా, అది నిజమో కాదో తెలిసికొనవలెనను కోరిక నలునికి ఆపరానిదైనది. రాజునకు ఆలస్యమగునని తెలిసియు అతడు రథమును నిలిపి, దిగి, పగ్గములను తోడి సారథి వార్ష్ణేయుడు పట్టవలెనని చెప్పి, పిమ్మటనే లెక్కపెట్టెను. అశ్వహృదయ మెరిగిన నలుడే లెక్కింపును, రథచోదనమును ఏకకాలమున చేయబూనలేదు. తెరమీది సంగతి తెలిసికొనక నిలువలేనివానికి నలుని మార్గములు రెండును నేటికిని తెరచియే ఉన్నవి: బండిని నిలుపుట, లేదా ప్రక్కవానికి పని అప్పగించుట.

ఇక చట్టము. 1988 నాటి మోటారువాహనముల చట్టములోని 184వ సెక్షను ప్రమాదకరముగా బండి నడుపుటను శిక్షించును. 2019 నాటి సవరణ, నడుపుచు చేతఫోను వాడుటను ఆ నేరములలో ఒకటిగా స్పష్టముగా చేర్చినది. అది ఆ యేట సెప్టెంబరు 1 నుండి అమలులో ఉన్నది. మొదటిసారి తప్పు చేసినవానికి 6 నెలలకు తగ్గకుండ ఏడాదివరకు జైలు గాని, 1,000 రూపాయలకు తగ్గకుండ 5,000 వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మూడేండ్లలోపల మరల చేసినచో జైలు రెండేండ్లవరకు, జరిమానా 10,000 రూపాయలకు పెరుగును. 2020 అక్టోబరు 1 నుండి అమలైన నియమము, చేతఫోనును దారి చూచుకొనుటకు మాత్రమే, అదియు డ్రైవరు ఏకాగ్రతకు భంగము కలుగని రీతిగా వాడవచ్చునని చెప్పుచున్నది. మన పోలీసులు చలానాలో "సెల్‌ఫోన్ డ్రైవింగ్" అని వ్రాయునది ఈ తప్పునే. చట్టము చేతిని పట్టుకొనగలదు గాని మనస్సును పట్టుకొనజాలదు. చలానా పడని పని యెల్ల నిరపాయమని తలచుట పొరపాటు.

ద్విచక్రవాహనములు నడుపువారి సంగతి వేరుగా చెప్పవలెను, ఎందుకనగా మన ఊళ్లలో నడుపువారిలో అధికసంఖ్యాకులు వారే. మెడ వంచి చెవికిని భుజమునకును నడుమ ఫోను ఇరికించి నడుపువారును, హెల్మెట్టు లోపలికి దానిని దూర్చి నడుపువారును ప్రతి కూడలిలోను కనబడుదురు. మెడ ఒకవైపునకు వంగినవాడు ఆ వైపునుండి వచ్చు బండిని తల త్రిప్పి చూడజాలడు. ఫోను జారినచో పట్టుకొనుటకు చేయి హాండిలును విడుచును. హెల్మెట్టులో ఇరికించిన ఫోను ఆ హెల్మెట్టు తలకు సరిగా అమరకుండ చేయును. రెండు చెవులలోను ఇయర్‌ఫోనులు పెట్టి పాటలు వినువానికి వెనుకనుండి లారీ కొట్టిన హారను గాని, అంబులెన్సు సైరను గాని వినబడదు. కారులోనివానికి చుట్టును ఇనుపకోట ఉన్నది; వీనికి హెల్మెట్టు తప్ప వేరు రక్ష లేదు.

వీరిలో కొందరిని నిందించుటకు నాకు నోరు రాదు. భోజనపు పొట్లములను ఇంటింటికి చేర్చు యువకునకు పని ఇచ్చునది ఫోనే, దారి చూపునది ఫోనే, ఆలస్యమైనదని తొందరపెట్టునదియు ఫోనే. హాండిలుమీద బిగించిన ఆ తెరవైపు చూడకుండ అతడు దినము గడపజాలడు. క్యాబు నడుపువానికిని కొత్త ప్రయాణికుని పిలుపు, ఇంకొక ప్రయాణికుని దింపకముందే తెరమీద మెరయుచుండును. కొద్ది సెకండ్లలో అంగీకరింపనిచో అది మరొకరికి పోవును. బండి కదలుచుండగా కొత్త పిలుపులు రాకుండ, అది నిలిచిన పిదపనే వచ్చునట్లు ఆ యాపులను మలచుట వానిని నడపు సంస్థలకు అసాధ్యము కాదు. ప్రభుత్వము వారిచేత ఆ పని చేయించుట న్యాయము. పొట్లము తెప్పించుకొన్నవారును, రెండవ సందులోనికి రావలెనా మూడవ సందులోనికా అని చెప్పుటకు నడుపుచున్నవానిని పదేపదే పిలుచుటకు మారుగా, గుర్తులను ముందే స్పష్టముగా వ్రాసియుంచిన మేలు.

సొంతబండి నడుపువానికి ఇంత నిర్బంధము లేదు. బయలుదేరకముందే గమ్యమును పటములో పెట్టుకొని, దారిని మాటలలో చెప్పు ఏర్పాటు చేసికొన్నచో, తెరవైపు చూడవలసిన అవసరము చాలవరకు తగ్గును. ఫోనును నిలుపు పట్టు అద్దమునకు నడుమ కాక, దారి చూపునకు అడ్డురాని చోట, గాలిసంచి విచ్చుకొను తావును తప్పించి బిగింపవలెను. ఇప్పటి ఫోనులలో చాలవానియందు నడుపువేళ పిలుపులను, సందేశములను అణచియుంచు ఏర్పాటు కలదు; ఐఫోనులలో 2017 నుండి ఉన్న ఆ సౌకర్యము, నడుపుచున్నాను, తరువాత మాటలాడుదును అను బదులును తనంతట తానే పంపగలదు.

ఆగి మాటలాడుట అన్నమాటలో కూడ ఒక మెలకువ కావలెను. 158 కిలోమీటర్ల హైదరాబాదు ఔటరు రింగురోడ్డుమీద అనుమతింపబడిన వేగము గంటకు 120 కిలోమీటర్లవరకు ఉన్నది. అనగా సెకండునకు 33 మీటర్లు. అట్టి దారి అంచున ఫోనుకొరకు కారు నిలిపినవాడు ఒక అపాయమునుండి మరియొకదానిలోనికి పోయినట్లే. పెట్రోలుబంకు, దాబా, టోల్‌ప్లాజా దాటిన పిమ్మట విశాలమైన ఆవరణ, ఇవియే ఆగదగిన చోట్లు. అంతవరకు పిలుపు వేచియుండును; ఎవరు పిలిచినదియు ఫోనులోనే ఉండును.

రహదారిమీద ఈ పరికరమునకు తగిన పని ఒకటి మిగిలియున్నది. ఎవరికైన ప్రమాదము జరిగినదని చూచినపుడు, బండిని దూరముగా సురక్షితస్థలమున నిలిపి, 108 కి గాని 112 కి గాని, జాతీయ రహదారిమీదనైనచో 1033 కి గాని వెంటనే ఫోను చేయవలెను. ఏ ఊరినుండి ఏ ఊరికి పోవు వైపున జరిగినదో, దగ్గరి కిలోమీటరురాతిమీది అంకె యెంతయో, ఎందరికి దెబ్బలు తగిలినవో చెప్పినచో అంబులెన్సువారు వెదకులాడుటలో కాలము పోదు. రెండువైపుల దారి డివైడరుతో వేరైయున్న రహదారులలో వైపు తప్పుగా చెప్పినచో, వారు ఎంతో దూరము పోయి తిరిగి రావలసివచ్చును. పోలీసుస్టేషను చుట్టును తిరుగవలసివచ్చునను భయముచేత ముఖము త్రిప్పుకొని పోవువారికి ఒక మాట చెప్పవలెను: సుప్రీముకోర్టు 2016లో ఆమోదించిన మార్గదర్శకసూత్రముల ప్రకారము, గాయపడినవానిని గూర్చి ఫోను చేసి తెలిపినవ్యక్తిని, పేరును వివరములును చెప్పితీరవలెనని ఎవరును బలవంతపెట్టరాదు, సద్బుద్ధితో సాయపడినవారికి చట్టరక్షణ 2019 సవరణలోని 134ఏ సెక్షనుచేత కూడ లభించినది.